బ్రెజిల్ కోడి ఎందుకంత చవక: ఒక క్యాంపు వంటగది కేసు

ఫిర్యాదు నా దాకా వచ్చింది ధర గురించి కాదు, బొక్క (ఎముక) గురించి.

2024 ఎండాకాలం. దుబాయ్‌లో జెబెల్ అలీ దగ్గరి ఒక లేబర్ క్యాంపు మెస్‌కి సరుకు కొనే పని నాది. 1,400 మంది తినే మెస్. సగానికి సగం మనవాళ్లే. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు వాళ్లు ఎక్కువ, కోనసీమ వాళ్లు కొద్దిమంది. ఒక రాత్రి జగిత్యాల అతను ప్లేటు పట్టుకుని నేరుగా స్టోరు గుమ్మం దగ్గరికి వచ్చి, లెగ్ పీసు విరిచి చూపించాడు.

"సార్, గీ బొక్క సూడుండ్రి, ఎట్ల నల్లగున్నదో. ఎన్నడో సచ్చిన కోడి గిది. బ్రెజిల్‌ల ఎవ్వలు తినంది మనకు పంపిండ్రు. గందుకే గంత సస్తా."

మరుసటి వారానికి నలభై సంతకాలతో కాగితం వచ్చింది. వాసన, నల్ల ఎముకలు, రబ్బరులా సాగే మాంసం. చివర్లో ఒక డిమాండ్: బ్రెజిల్ ఫ్రోజెన్ బంద్ చేసి లోకల్ ఫ్రెష్ చికెన్ పెట్టాలి.

నేను రాజేంద్రనగర్‌లో వెటర్నరీ చదివి, సిద్దిపేట చుట్టుపక్కల, పిల్లలూ దాణా ఇచ్చి రైతులతో కోళ్లు పెంచించే ఒక ఇంటిగ్రేషన్ కంపెనీలో ఆరేళ్లు ఫీల్డు డాక్టరుగా తిరిగినవాణ్ని. బ్యాచులు, మోర్టాలిటీ (కోళ్ల చావులు), పెరిగిన కోళ్లను ఎత్తుకెళ్లే లిఫ్టింగ్ టైములో రైతుల టెన్షన్ అన్నీ తెలుసు. ఆ కాగితంలో రెండు వేర్వేరు విషయాలు కలిసిపోయాయని చదవగానే అర్థమైంది. ఒకటి నాణ్యత, రెండోది ధర. చవక కాబట్టి చెడ్డది, చెడ్డది కాబట్టి చవక అని వాళ్ల లెక్క. రెండూ విడదీసి చూస్తే గానీ మేనేజ్‌మెంట్‌తో మాట్లాడలేను.

ముందు నాణ్యత సంగతి. నల్ల ఎముకకు కుళ్లుతో సంబంధం లేదు. గల్ఫ్‌కి వచ్చే హోల్ చికెన్‌ని వ్యాపారంలో గ్రిల్లర్ అంటారు. శుభ్రం చేశాక కిలో, కిలోంబావు తూగే చిన్న కోడి. సుమారు నెల రోజుల వయసులో కోసేస్తారు. ఆ వయసులో ఎముక ఇంకా గట్టిపడదు, సన్నటి రంధ్రాలుంటాయి. గడ్డకట్టినప్పుడు మూలగలోని రక్తకణాలు పగిలి, ఆ రంగు ఎముకలోంచి పక్క మాంసంలోకి ఊరుతుంది. వండాక నల్లబడుతుంది. చూడ్డానికి బాగోదు గానీ తింటే ఏమీ కాదు. ఊళ్లో కళ్ల ముందు కోయించుకుని గంటలో వండుకునే మనకు ఇది ఎప్పుడూ కనిపించదు, అందుకే అనుమానం.

వాసన మాత్రం నిజం. కారణం వెతుకుతూ తెల్లవారుజామున నాలుగింటికి వంటగదికి వెళ్లాను. పెట్టెలు విప్పి, కోళ్లన్నీ పెద్ద సింకులో పోసి, పైనుంచి పంపు వదిలేశారు. గల్ఫ్ ఎండాకాలం తెలిసినవాళ్లకు ఇక్కడే విషయం తెలిసిపోతుంది. అక్కడ చన్నీళ్ల పంపులో వచ్చేవి వేణ్ణీళ్లు. పైన ట్యాంకు ఎండకు కాగి కాగి ఉంటుంది. కోడి పైభాగం ఆ వేడి నీళ్లలో తెల్లగా పాలిపోతోంది, లోపల ఇంకా మంచుగడ్డే. రెండు గంటలు అలా నానిన కోడిని ఏ దేశం నుంచి తెచ్చినా నీచు వాసనే వస్తుంది. హెడ్ కుక్ రాజోలు వైపు మనిషి, మంచి పనివాడు. అడిగితే, "ఏం చెయ్యమంటారండీ, రాత్రి పన్నెండింటికి స్టోరోళ్లు ఇస్తారు, ఆరింటికి టిఫిన్ బాక్సులెళ్లిపోవాలి" అన్నాడు. తప్పు అతనిది కాదు. సరుకు ఒక రోజు ముందే ఇవ్వాలన్న రూలు పెట్టనిది నేను.

నాలుగు డిగ్రీల చిల్లర్‌లో ఇరవై నాలుగు గంటలు కరిగించడం మొదలుపెట్టాం. మూడు వారాల్లో వాసన ఫిర్యాదు దాదాపు ఆగిపోయింది. నల్ల ఎముక అలాగే ఉంది.

ధర ప్రశ్న మిగిలింది. ఆ వారం నా దగ్గరున్న కొటేషన్లలో, గుండు సంఖ్యల్లో చెప్తాను, ఫ్రోజెన్ బ్రెజిల్ గ్రిల్లర్ కిలో 10 దిర్హాములు, లోకల్ ఫ్రెష్ 16. ఒకటి 15 వేల కిలోమీటర్లకు పైగా సముద్రం దాటి నెల పైన ప్రయాణించి వచ్చింది. రెండోది అల్ ఐన్ వైపు నుంచి రెండు గంటల్లో లారీలో వచ్చింది. దగ్గరిది ఎక్కువ, దూరానిది తక్కువ. దీనికి క్యాంపులో చెప్పుకునే కారణాలు మూడు: పాత సరుకు, హార్మోన్లు, ఆ దేశం సబ్సిడీ.

పాత సరుకు కాదు. పెట్టె మీద కోసిన తేదీ ఉంటుంది, మైనస్ 18 డిగ్రీల్లో ఏడాది నిలవ గడువు, మాకొచ్చేసరికి సాధారణంగా మూడు నాలుగు నెలలది. హార్మోన్ల కథ మన ఊళ్లోనూ వింటాం. నెల రోజుల కోడికి, షెడ్డుకి పాతిక వేల చొప్పున, ఒక్కోదానికి సూది వేయడం ఎంత పనో ఒక్క బ్యాచ్ పెంచినవాడికి తెలుసు. కోడి అంత వేగంగా పెరగడానికి కారణం దాని జాతి. దాదాపు ప్రపంచమంతా కాబ్, రాస్ అనే రెండు రకాల బ్రాయిలర్లనే పెంచుతోంది. మన దగ్గర వెన్‌కాబ్ అనేదీ కాబ్ వంశమే. అంటే బ్రెజిల్ గ్రిల్లర్, అల్ ఐన్ ఫ్రెష్, సిద్దిపేట బాయిలర్ కోడి, మూడూ దాయాదులే. ఆ జగిత్యాల అతనికి ఇది చెబితే నమ్మలేదు.

సబ్సిడీ మాటలో మాత్రం పాత నిజం ఒకటుంది. ఒకప్పుడు గల్ఫ్ ఫ్రీజర్లలో ఫ్రాన్స్ కోడి కూడా బాగా కనిపించేది. యూరోపియన్ యూనియన్ దానికి ఎగుమతి సబ్సిడీ ఇచ్చేది. దాన్ని తగ్గించుకుంటూ వచ్చి 2013 జూలైలో సున్నా చేశారు. ఆ వ్యాపారంలో పెద్ద ఫ్రెంచ్ కంపెనీ డూ అంతకు ముందు ఏడాదే, 2012లో, దివాళా కోర్టు మెట్లెక్కింది. సబ్సిడీ మీద నిలబడ్డ చవక అలా ఉంటుంది. బ్రెజిల్ చవక ఆ రకం కాదు.

మరి ఏ రకం? నేను మేనేజ్‌మెంట్‌కి రాసిన షీటులో మొదటి వరుస దాణా. బ్రాయిలర్ ఖర్చులో మూడింట రెండు వంతులు దాణాదే. దాణా అంటే ముఖ్యంగా మక్కలు (మొక్కజొన్న), సోయా చెక్క. గ్రిల్లర్ సైజులో కిలో బరువు పెరగడానికి కిలోన్నర దాణా చాలు. బొచ్చు, పేగులు, తల, కాళ్లు పోగా నూటికి 74 వంతులు మాంసం దక్కుతుంది. అంటే కిలో మాంసం వెనక రెండు కిలోల దాణా ఉంది. కోడి అంటే మక్కలూ సోయా మాంసంగా మారిన రూపం, అంతే. కాబట్టి కోడి ఎక్కడ చవక అని అడగడం కన్నా మక్కలూ సోయా ఎక్కడ చవక అని అడగడం సులువు.

బ్రెజిల్ ప్రపంచంలో అతిపెద్ద సోయా ఎగుమతిదారు, మక్కల్లోనూ ముందు వరుసే. కోళ్ల పరిశ్రమ దక్షిణాదిన పరానా, శాంటా కతరీనా, రియో గ్రాండె దో సుల్ రాష్ట్రాల్లో ఉంది. పరానాలో అయితే పొలమూ దాణా మిల్లూ కోళ్ల షెడ్డూ ఒకే చుట్టుపక్కల. అక్కడి మిల్లు కొనే ధర ఏంటంటే, ఓడరేవు ధరలోంచి లారీ కిరాయి తీసేయగా మిగిలింది. అదే గింజను అల్ ఐన్ ఫారం కొనాలంటే ఓడరేవు ధర మీద ఓడ కిరాయి, దింపుడు కూలి, అక్కడి లారీ కిరాయి కలుపుకోవాలి. ఒకరికి రవాణా ఖర్చు తీసివేత, మరొకరికి కూడిక. తేడా అక్కడే మొదలవుతుంది.

"సరే, మాంసానికీ ఓడ కిరాయి ఉంటుంది కదా" అని మా ఫైనాన్స్ మేనేజర్ అడిగాడు. ఉంటుంది. నలభై అడుగుల రీఫర్ (ఫ్రీజర్) కంటైనర్‌లో 27 టన్నుల కోడి పడుతుంది. కిరాయి 4,000 డాలర్లు అనుకుంటే కిలోకి 15 సెంట్లు, అంటే అర దిర్హాం పైన ఇంకొంచెం. పది దిర్హాముల సరుకులో అది ఏపాటి? దుబాయ్ గోడౌన్ నుంచి మా క్యాంపుకి ఫ్రీజర్ వ్యాన్‌లో తెచ్చుకునే ఖర్చుతో పోల్చినా సముద్రం చవకే. దూరం ఎక్కువైతే ధర ఎక్కువవ్వాలన్న మన లెక్క లారీలకు సరిపోతుంది, ఓడలకు కాదు. నిజం చెప్పాలంటే రెండు కిలోల గింజను బల్క్ ఓడలో తెచ్చినా కిలో మాంసాన్ని కంటైనర్‌లో తెచ్చినా ఓడ కిరాయిలో తేడా పెద్దగా రాదు. గింజ దిగాక అయ్యే ఖర్చే అసలు ఖర్చు.

అది వాతావరణం. బయట 45 దాటినప్పుడు షెడ్డు లోపల పాతిక చిల్లర ఉంచాలి. మూసిన షెడ్డు, వరసగా ఫ్యాన్లు, తడి ప్యాడ్లు. ఆ ప్యాడ్ల మీద పారే నీళ్లూ ఖర్చే. ఎంత చేసినా వేడికి కోడి నోరు తెరిచి రొప్పుతుంది, మేత తగ్గిస్తుంది, బరువు రాదు. మే నెలలో సిద్దిపేటలో గోనెసంచులు తడిపి షెడ్డుకి కట్టించిన రోజులు నాకు గుర్తే. అక్కడ మాకు రెండు నెలల బాధ. అల్ ఐన్‌లో సగం ఏడాది. దక్షిణ బ్రెజిల్‌లో ఆ ఖర్చు చాలా తక్కువ.

తర్వాత, స్కేలు. బ్రెజిల్‌లో రోజుకు లక్ష కోళ్లకు పైగా కోసే ప్లాంట్లు ఉన్నాయి. దేశం మొత్తం మీద ఏటా 50 లక్షల టన్నులకు పైగా ఎగుమతి, ప్రపంచంలో మొదటి స్థానం. గల్ఫ్‌తో వాళ్ల వ్యాపారం 1970లలోనే మొదలైంది. హలాల్ లైన్లు, అరబిక్ లేబుళ్లు, వంద గ్రాముల తేడాతో సైజులు, అన్నీ ఈ మార్కెట్ కోసమే తయారు చేసుకున్నారు. గల్ఫ్‌లో ఇంటింటా తెలిసిన సాదియా బ్రాండ్ పేరు విని చాలామంది అరబ్ కంపెనీ అనుకుంటారు. అది 1944లో శాంటా కతరీనాలోని కొంకోర్డియా అనే చిన్న ఊళ్లో పుట్టింది.

ఆ ఊరి చుట్టుపక్కలే ఇంటిగ్రేషన్ పద్ధతి బ్రెజిల్‌లో వేళ్లూనుకుంది. కంపెనీ పిల్లలూ దాణా మందులూ ఇస్తుంది, రైతు షెడ్డూ కరెంటూ కష్టమూ పెడతాడు, ఎఫ్‌సీఆర్‌ని (కిలో బరువుకు కోడి ఎంత దాణా తిన్నదన్న లెక్కని) బట్టి కూలి. మన గ్రోయింగ్ చార్జీ లాంటిదే. అక్కడా రైతుల గొడవ అదే: షెడ్డు అప్పు నాది, రేటు కంపెనీది. తేడా ఏంటంటే 2016లో వాళ్లు ఇంటిగ్రేషన్ ఒప్పందాల మీద ప్రత్యేక చట్టం తెచ్చుకున్నారు, రైతులూ కంపెనీ కలిసి కూర్చునే కమిటీలు పెట్టారు. సిద్దిపేటలో రేటు తగ్గించారని షెడ్డు ముందు నన్ను నిలబెట్టి అడిగిన రైతులు గుర్తొస్తే, ఆ చట్టం ఎంతవరకు పనిచేసినా మనకు అలాంటిదొకటి ఉంటే బాగుండేదనిపిస్తుంది.

దీనికి తోడు కరెన్సీ. దిర్హాం 1997 నుంచి డాలరుకు 3.6725 దగ్గర కట్టేసి ఉంది. బ్రెజిల్ రియల్ 2011లో డాలరుకు 1.6 దాకా బలంగా ఉండి, 2020లో 5 దాటింది. వాళ్ల కూలీలు, కరెంటు, రైతు చార్జీ రియల్‌లో. అమ్మకం డాలర్లలో. రియల్ పడిపోతే డాలర్ల లెక్కలో వాళ్ల ఈ ఖర్చులు తగ్గుతాయి.

ఇవన్నీ హోల్ చికెన్‌కి చెల్లుతాయి. ముక్కల దగ్గరికొస్తే లెక్క వేరే. మా మెస్‌లో కూరకి అప్పుడప్పుడు అమెరికా లెగ్ క్వార్టర్లు (తొడతో కలిసిన కాలు ముక్కలు) వాడతాం. అవి గ్రిల్లర్ కన్నా చవక. మనకు లెగ్ పీస్ అంటే ప్రాణం, పెళ్లిలో లెగ్ పీస్ పడకపోతే అలిగే మామలున్నారు. అమెరికావాడు ఎగబడేది బ్రెస్టు మీద. కోడిని పెంచిన ఖర్చు దాదాపుగా బ్రెస్టు అమ్మినప్పుడే రాబట్టేసుకుంటాడు. మిగిలిన కాళ్లకు ఎంత వస్తే అంత. 1990ల మొదట్లో రష్యాకి ఇవే కాళ్లు కుప్పలుగా వెళ్తే అక్కడి జనం వాటికి 'బుష్ కాళ్లు' అని అమెరికా అధ్యక్షుడి పేరు పెట్టారు. బ్రెజిల్ అయితే ఒకే కోడిని పది దేశాలకు పంచుతుంది: ఎముక తీసిన లెగ్ జపాన్‌కి, బ్రెస్టు యూరప్‌కి, పాదాలు చైనాకి, మెషీన్‌తో గీకిన మాంసం సాసేజీల కోసం దక్షిణాఫ్రికాకి. ప్రతి ముక్కా దానికి ఎక్కువ విలువ ఇచ్చే చోటికి పోతుంది.

ఈ తర్కం పరాయిదేం కాదు. మా మెస్‌లో అన్నిటికన్నా చవక మాంసం ఇండియా నుంచి వచ్చే ఫ్రోజెన్ గేదె మాంసం. మా పాత మెదక్ జిల్లాలో కూడా ఎగుమతి కబేళాలున్నాయి. గేదెను మేపిన ఖర్చు పాల డబ్బులు ఏళ్ల తరబడి తీర్చేశాయి, ఆఖర్న మాంసం చవకగా పోతుంది. అమెరికా కోడికి బ్రెస్టు ఎలాగో మన గేదెకు పాలు అలాగ. చవక దిగుమతి మాంసం అని వేరే దేశాలవాళ్లు నొచ్చుకునే సరుకులో మన సరుకూ ఉంది.

అదే కాళ్లు మన దేశంలోకి రాకుండా అడ్డం ఉన్నది సుంకం. చికెన్ ముక్కల మీద 100 శాతం, హోల్ చికెన్ మీద 30. దీనికి తోడు బర్డ్ ఫ్లూ పేరుతో 2007లో పెట్టిన నిషేధాన్ని అమెరికా 2012లో ప్రపంచ వాణిజ్య సంస్థకు లాగింది. 2014లో ప్యానెల్ దగ్గర, 2015 జూన్‌లో అప్పీల్లో ఇండియా ఓడిపోయింది. నిషేధం సడలినా 100 శాతం సుంకం ఉంది కాబట్టి లెగ్ క్వార్టర్లు మన చికెన్ సెంటర్ల దాకా రాలేదు. ఆ రోజుల్లో సిద్దిపేట రైతులు, "గా సుంకం తీసేస్తే మా షెడ్లల్ల మక్కలు నింపుకోవాలె" అనేవాళ్లు. కొనేవాడిగా నాకు ఆ కాళ్లు ముద్దు. ఆ రైతుల మధ్య ఆరేళ్లు తిరిగినవాడిగా సుంకం ఉండాలనే అంటాను. రెండూ నేనే.

మళ్లీ కేసులోకి. చవక ధరలో నీళ్లెంత అనేది కూడా చూడాలనుకున్నాను. కోసిన కోడిని చల్లబరిచేది మంచు నీళ్లలో ముంచి. ఆ ముంపులో అది కొంత నీరు తాగుతుంది. బ్రెజిల్ నిబంధనల ప్రకారం కరిగించినప్పుడు కారే నీరు 6 శాతం మించకూడదు. ఒక పెట్టె తీసుకున్నాను, పది కోళ్లు, లేబుల్ ప్రకారం 11 కిలోలు. చిల్లర్‌లో కరిగించి, వేలాడదీసి, తూచాను. 10 కిలోల 450 గ్రాములు వచ్చింది. అయిదు శాతం నీళ్లు. అంటే మా 10 దిర్హాముల కోడి నిజానికి పదిన్నర. స్కిన్ తీసేయడం వల్ల పోయేది ఫ్రెష్‌కీ ఫ్రోజెన్‌కీ సమానమే కాబట్టి పక్కన పెట్టాను. తేడా ఆరు నుంచి అయిదున్నరకి తగ్గింది, అంతే.

మనిషికి పూటకు 200 గ్రాములు, పూటకు 280 కిలోలు, వారానికి నాలుగు పూటలు. మొత్తం ఫ్రెష్‌కి మారితే వారానికి 6,160 దిర్హాములు అదనం. మనిషికి నెలకు 19 దిర్హాముల చొప్పున. వినడానికి ఎంత చిన్నదో! కానీ మెస్ కాంట్రాక్టు టెండర్లలో మనిషికి ఒకటి రెండు దిర్హాముల తేడాతో పని చేతులు మారిపోతుంది. మేనేజ్‌మెంట్ ఒప్పుకోదని షీటు ఇవ్వకముందే తెలుసు. అందుకని రెండో కాలమ్ వేసుకుని వెళ్లాను: వారానికి ఒక్క పూట ఫ్రెష్, సెలవు రోజు బిర్యానీకి. వారానికి 1,540. 2022లో అక్కడ వారాంతపు సెలవులు మారాక మా క్యాంపులో శుక్రవారం బిర్యానీ ఆదివారానికి వచ్చింది. ఆ ఆదివారానికి ఒప్పుకున్నారు, ఆరు నెలలు ట్రయల్ అని.

మొదటి ఆదివారం నేనూ క్యూలో నిలబడ్డాను. ముక్క మెత్తగా ఉంది, ఎముక తెల్లగా ఉంది. జగిత్యాల అతను లెగ్ విరిచి చూసుకున్నాడు, తిన్నాడు. ఎట్లుంది తమ్ముడూ అంటే, "మంచిగనే ఉన్నది సార్. గని గిది గూడ బాయిలరే గదా" అన్నాడు. రాజోలు మాస్టర్‌కి వేరే ఇబ్బంది. ఫ్రెష్ కోళ్ల సైజు ఒక్కోసారి ఒక్కోలా వస్తోంది, దమ్ములో చిన్నవి విరిగిపోతున్నాయి. ఫ్రోజెన్‌లో పదకొండు వందల గ్రాములంటే పదకొండు వందలే. ఆ కచ్చితత్వం కూడా ధరలో భాగమేనని నా షీటులో రాసుకోలేదు, తర్వాత కలిపాను.

ట్రయల్ గడువు ముగిశాక ఇంకో ఆరు నెలలు పొడిగించుకున్నాం. 2025 మే 16న బ్రెజిల్‌లో మొట్టమొదటిసారి ఒక కమర్షియల్ ఫారంలో బర్డ్ ఫ్లూ బయటపడింది. రియో గ్రాండె దో సుల్‌లో మోంటెనెగ్రో అనే ఊరు, పొదిగే గుడ్ల కోసం పెంచే కోళ్ల ఫారం. చైనా, యూరోపియన్ యూనియన్ బ్రెజిల్ కోడిని పూర్తిగా ఆపేశాయి. యుఎఇ ఆ ప్రాంతం వరకే ఆపింది. అంతకు మూడు నెలల ముందే, ఫిబ్రవరిలో, మన గోదావరి జిల్లాల ఫారాల్లో అదే జబ్బు వచ్చి కోళ్లను పాతిపెట్టిన వార్తలు క్యాంపులో అందరూ ఫోన్లలో చూశారు. కాబట్టి ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. సాయంత్రానికి స్టోరు ముందు గుంపు.

ప్రతి బ్రెజిల్ పెట్టె మీదా గుండ్రటి ముద్రలో ఎస్.ఐ.ఎఫ్. అని ఒక నంబరు ఉంటుంది, ఏ ప్లాంట్‌లో కోశారో దాన్నిబట్టి తెలుస్తుంది. మా ఫ్రీజర్‌లో ఉన్నవన్నీ జబ్బు బయటపడక ముందు కోసినవే. ఆ మాట చెబితే ఊరుకోరని తెలుసు. రాజోలు మాస్టర్ నంబర్లు చదువుతుంటే ఒక్కో పెట్టెకీ రాష్ట్రం పేరు సుద్దతో రాశాను. పరానా, పరానా, శాంటా కతరీనా, పరానా. రియో గ్రాండె పెట్టెలు పదకొండు వచ్చాయి. వాటిని విడిగా పెట్టి తాళం వేశాను. జగిత్యాల అతను తలుపు దగ్గరే నిలబడి లెక్క చూసుకున్నాడు. "పదకొండే గదా సార్?" అన్నాడు. పదకొండే అన్నాను. వెళ్లి పడుకున్నాడు.